వచ్చింది అంటే ఎవరు వచ్చినట్టు?

ఈ వరుసలో ఇప్పటిదాకా మన పేర్ల గురించే మాట్లాడుకున్నాం. పంచముడు, ఆది ఆంధ్ర, హరిజనుడు, దళితుడు... ఎవరో పెట్టిన పేరు ఏది, మనం తెచ్చుకున్న పేరు ఏది అని. పోయిన భాగం చదివిన ఒక బీఏ విద్యార్థి అడిగాడు: "సార్, హిజ్రా అనాలా, ట్రాన్స్‌జెండర్ అనాలా? ఏది కరెక్టు?" రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఆ మనిషినే అడుగు, ఏమంటే అది. కానీ ఆ రెండు ముక్కలు అనడానికి ఈ దేశపు చట్టానికి దాదాపు నూట యాభై ఏళ్లు పట్టింది. మన తెలుగు క్రియాపదం ఇంకా అనలేదు. అందుకని ఈ భాగం కాస్త పొడుగు. ఓపిగ్గా చదవండి.

మన పక్కనే ఉన్న ఒంగోలు నుంచి మొదలుపెడతాను. అక్కడ ఒక ట్రాన్స్ మహిళ తన భర్త మీద, అత్తమామల మీద 498ఏ కింద కేసు పెట్టారు. కేసు కొట్టేయమని ఎదుటివాళ్లు హైకోర్టుకు వెళ్లారు. వాళ్ల వాదనల్లో ఒకటి ఇది: ఆమె పిల్లల్ని కనలేదు కాబట్టి పూర్తి స్త్రీ కాదు, స్త్రీ కానప్పుడు 498ఏ వర్తించదు. 2025 జూన్ 16న ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదనను తోసిపుచ్చారు. బిడ్డను కనడాన్ని బట్టి స్త్రీత్వాన్ని కొలవడం రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. ట్రాన్స్ మహిళ మహిళే, ఆ సెక్షన్ కింద ఫిర్యాదు చేసే హక్కు ఆమెకు ఉందన్నారు. ప్రాథమిక ఆధారాలు లేవని అసలు కేసును మాత్రం కొట్టేశారు. ఆమె ఎవరో తేలింది గానీ ఆమె గోడు తేలలేదు.

అంతకు నెలన్నర ముందు, ఏప్రిల్ 30న, అదే హైకోర్టులో ఇంకో తీర్పు వచ్చింది. మన గుంటూరు మైదానానికే చెందిన ఒక పాస్టర్ తనను కులం పేరుతో తిట్టి కొట్టారని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టారు. క్రైస్తవంలోకి వెళ్లి పాస్టరుగా ఉన్న మనిషి ఎస్సీ కాడు, ఆయన దగ్గర కుల ధ్రువపత్రం రద్దు కాకుండా ఉన్నా సరే ఆ చట్టం రక్షణ రాదు అని జస్టిస్ ఎన్. హరినాథ్ తీర్పు చెప్పారు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవండి. ఒక మనిషి "నేను స్త్రీని" అంటే కోర్టు ఔనంది. ఒక మనిషి "నన్ను కులం పేరుతో తిట్టారు" అంటే, నీకు ఆ కులం లేదు పొమ్మంది. తిట్టినవాడికి మాత్రం ఆయన కులం మీద అనుమానం రాలేదు. మన మైదానంలో పల్లెకు పల్లే మందిరానికి పోతుంది, కాగితం మీద మాత్రం హిందూ మాల, హిందూ మాదిగ. 1842లో లూథరన్ మిషన్ గుంటూరులో అడుగుపెట్టినప్పటి నుంచీ, 1878లో ఒంగోలు మిషన్ క్లౌ దొర ఒక్క రోజులో రెండు వేల మందికి పైగా బాప్తిస్మం ఇచ్చినప్పటి నుంచీ మనం రెండు పేర్ల మనుషులం. బడి రిజిస్టరులో ఒక పేరు, పాస్టరు పిలిచేది ఇంకో పేరు. కాబట్టి ఇంట్లో పెట్టిన పేరు వదిలి గురువు దగ్గర కొత్త పేరు తీసుకున్న మనిషిని చూసి "అసలు పేరేంటి?" అని అడిగే హక్కు ఎవరికి ఉన్నా లేకపోయినా మనకు లేదు.

*

ఈ "అసలు ఏంటి" అన్న ప్రశ్నకు పెద్ద చరిత్ర ఉంది. మహాభారతం విరాట పర్వంలో అర్జునుడు బృహన్నలగా విరాటుడి కొలువుకు వస్తాడు. తిక్కన తెలుగులో ఆ రూపానికి వాడిన మాట పేడి. సంస్కృత భారతంలో ఒక చిన్న సంగతి ఉంది, మనం పాఠం చెప్పేటప్పుడు దాటేసి పోతాం. బృహన్నల తన గురించి తాను చెప్పుకున్నా రాజు నమ్మడు. స్త్రీల చేత పరీక్ష చేయించి, మగతనం లేదని రూఢి చేసుకున్నాకే కూతురికి నాట్యం నేర్పడానికి అంతఃపురంలోకి పంపిస్తాడు. పాండిత్యం పరీక్ష కంటే ఒంటి పరీక్ష గట్టిదన్నమాట.

1871లో ఇంగ్లీషు ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. దీని గురించి మనవాళ్లకు తెలిసింది సగమే. స్టువర్టుపురం తెలుసు. 1910లలో బాపట్ల పక్కన సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి ఎరుకల వాళ్లను పెట్టిన సెటిల్‌మెంట్. పుట్టుకతో దొంగ అనే ముద్ర, రోజూ హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. ఇదంతా ఆ చట్టం సంతానం. కానీ 1871 చట్టంలో రెండు భాగాలున్నాయి. మొదటిది "నేరస్థ తెగల" మీద. రెండోది నపుంసకుల మీద. పోలీసు రిజిస్టరులో పేరు రాయాలి, ఆస్తి లెక్క చెప్పాలి, ఆడబట్టలు కట్టి వీధిలో ఆడినా పాడినా వారంటు లేకుండా అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. ఈ రెండో భాగం ఉత్తరాది రాష్ట్రాల్లో అమలైంది, మన మద్రాసు ప్రెసిడెన్సీలో కాదు. 1911లో చట్టం తిరగరాసినప్పుడు ఆ భాగం పోయింది, మొదటి భాగం మన దాకా వచ్చింది.

రెండో భాగం పోయి ఎక్కడ తేలింది? నిజాం రాజ్యంలో. 1329 ఫసలీ, అంటే 1919లో, హైదరాబాదు సర్కారు దాదాపు అవే మాటలతో సొంత చట్టం చేసుకుంది. దాని నిర్వచనం చూడండి. తాను నపుంసకుడినని ఒప్పుకున్న మగవాడు, లేదా వైద్య పరీక్షలో అలా తేలిన మగవాడు. "ఒప్పుకోవడం" అన్నారు గమనించారా? తప్పు చేసినవాడు ఒప్పుకుంటాడు. తన గురించి తాను చెప్పుకునేవాడు ఒప్పుకోడు, చెబుతాడు. ఎరుకల వాళ్ల మీద ముద్ర 1952లో చట్టం నుంచి తీసేశారు (పోలీసుల బుర్రల్లోంచి తీయడం వేరే సంగతి). నిజాం చట్టం మాత్రం నిజాం పోయినా పోలేదు. ఆంధ్రప్రదేశ్ వచ్చినా, తెలంగాణ వచ్చినా పుస్తకంలో అలాగే ఉంది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో సవాలు చేస్తే, 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నూటనాలుగేళ్లు.

స్టువర్టుపురం వాళ్లకూ, రైల్లో చప్పట్లు కొట్టేవాళ్లకూ ఒకే చట్టం తల్లి అని మన సభల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఎరుకల సంఘాల మిత్రులు ఈ భాగం చదివితే దీని మీద రాయాలని కోరుతున్నాను.

*

ఇక మాటలు. నేను తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి, ఇక్కడ కాసేపు ఆగుతాను.

కొజ్జా. మన ఊళ్లలో ఇంతకంటే నీచమైన తిట్టు లేదనుకుంటారు. దీని మూలం పారసీ ఖ్వాజా. అంటే దొర, యజమాని, పెద్ద. సుల్తానుల, మొగలుల, నిజాముల అంతఃపురాల్లో అధికారం చేసిన వాళ్లను ఖ్వాజాసరా అనేవారు. సైన్యాలు నడిపినవాళ్లు, ఖజానా చూసినవాళ్లు వాళ్లలో ఉన్నారు. గౌరవపదం దిగజారి దిగజారి తెలుగులో కొజ్జా అయింది. పాకిస్తాన్‌లో ఆ సముదాయం 2009 సుప్రీంకోర్టు కేసు తర్వాత ఆ పాత మాటనే, ఖ్వాజాసరా అని, తిరిగి తెచ్చుకుంది. ఒకే మాట ఒకచోట బిరుదు, ఇంకోచోట బూతు. మాటలో విషం ఉండదు, అనే నోట్లో ఉంటుంది అనడానికి మనకు ఇంకో సాక్ష్యం అక్కర్లేదు, "మాదిగ" అన్న మాట ఉంది కదా. దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

మిగతావి మీకు తెలిసినవే. తేడా. ఆడంగి. పాయింట్ ఫైవ్. మాడా. మన సినిమాల హాస్యం సగం వీటి మీద బతికింది. వీటన్నిటిలో నన్ను ఆపేది "తేడా". కొలబద్ద ఎవరో ముందే పాతి పెట్టారు, దానికి సరిపోనివాడు తేడా. పాయింట్ ఫైవ్ కూడా అంతే, ఒకటి అంటే మగాడు అని ఒప్పుకున్నాకే ఆ లెక్క కుదురుతుంది.

గమనించండి, ఈ తిట్లన్నీ మగ పుట్టుక పుట్టి ఆడదారి పట్టినవాళ్ల మీదే. ఆడపిల్లగా పుట్టి "నేను మగవాణ్ణి" అనేవాళ్లకు తెలుగులో ఏముంది? మగరాయుడు. అదీ ముద్దుగానో విసుగుగానో అనేది, పెళ్లయితే సరిపోతుందని నవ్వేసేది. 2019 చట్టం దృష్టిలో ట్రాన్స్ పురుషుడు ఉన్నాడు గానీ, మన ఊరి మాటలో వాడికి చోటే లేదు. తిట్టడానికి కూడా గుర్తుపట్టలేదు. పత్తి తీతల్లో, మిరపకోతల్లో కూలి ముఠాలతో తిరిగే మన పిల్లల్లో వాళ్లు లేరని కాదు. దీనికి విడిగా ఒక భాగం రాయాలి, రాస్తాను.

బయటివాళ్లు పెట్టిన పేర్లు ఇవి. లోపలివాళ్ల పేర్లు వేరు. గాయత్రీ రెడ్డి అనే మానవశాస్త్రవేత్త 1990లలో హైదరాబాదు, సికింద్రాబాదుల్లో హిజ్రాల మధ్య ఉండి చేసిన పరిశోధన 2005లో పుస్తకంగా వచ్చింది. అందులో ఎన్ని పేర్లో చూడండి. హిజ్రాలు. జనానాలు. ప్యాంటూ షర్టూ మీదే తిరిగే కడా-చట్లా కోథీలు. శివసత్తులు. జోగినులు. (కోథీ అన్నదాన్ని దయచేసి కోతి అని అచ్చువేయకండి. తెలుగు పత్రికల్లో ఆ దారుణం చూశాను.) ఆమె చూపించిన అసలు సంగతి ఏంటంటే, వీళ్లలో వీళ్లు ఒకరినొకరు వేరుచేసుకునేది ఒంట్లో ఏముంది, ఏం లేదు అన్నదానితో మాత్రమే కాదు. ఇజ్జత్‌తో. ఎవరు ఎవరి చేలా, ఏ ఇంటివాళ్లు, బధాయికి పోయేవాళ్లా, ఒళ్లమ్ముకునేవాళ్లా, చీర ఎప్పుడూ కడతారా, అప్పుడప్పుడేనా. పరువే లేదని మనం అనుకునేవాళ్ల బతుకంతా పరువు లెక్క మీద నడుస్తోంది. మాలపల్లె, మాదిగపల్లెల సంగతి తెలిసిన మనకు ఇందులో కొత్తేముంది?

శివసత్తులు బోనాల్లో, కొమురవెల్లి మల్లన్న జాతరలో పూనకం వచ్చినప్పుడు ఊరంతా కాళ్లు మొక్కుతుంది. జాతర అయిపోయాక అదే మనిషికి అద్దెకు గది దొరకదు. జోగినిగా మార్చిన మన ఆడపిల్లలకు జరిగిందీ ఇదే కదా, పండగ నాడు తల్లి, మర్నాడు ఊరి సొత్తు.

తర్వాత ఇంకో రకం పేర్లు వచ్చాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో హెచ్‌ఐవీ బాగా ఉధృతంగా ఉన్న రోజుల్లో నిధులతో పాటు ఫారాలు వచ్చాయి, ఫారాలతో పాటు అక్షరాలు. ఎంఎస్ఎం, టీజీ. కండోములు పంచే కార్యకర్త రిజిస్టరులో ఒక్కో మనిషి ఒక్కో కోడ్. ఆ ప్రాజెక్టులు ప్రాణాలు కాపాడాయి, కాదనను. కానీ మొదటిసారి ఒక ట్రాన్స్ మహిళ పేరు ప్రభుత్వ కాగితం మీద గౌరవంగా ఎక్కింది రోగం కాలమ్ పక్కన. ఇవాళ్టికీ కొందరు తమను తాము "నేను టీజీ" అని పరిచయం చేసుకుంటారు. అది వాళ్లిష్టం. అయితే ఆ రెండక్షరాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో విద్యార్థులకు తెలియాలి.

2011 జనాభా లెక్కల్లో మగ 1, ఆడ 2, ఇతరులు 3. ఆ మూడో గడిలో దేశం మొత్తం మీద 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది లెక్కకొచ్చారు. దేశం లెక్కలో 78,811 మంది ఎస్సీలు. అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు మనవాళ్లు. ఇది ఎన్యూమరేటరు అడిగితే, ఇంట్లోవాళ్లు చెబితే తేలిన లెక్క. ఇంటి పెద్ద "నాకు ఇద్దరు కొడుకులు" అంటే, బొంబాయి పారిపోయిన మూడోవాళ్లు ఏ గడిలోకీ రారు.

తమిళంలో వాళ్లు అరవాణి అన్న మాట నుంచి తిరునంగై అన్న మాటకు వచ్చారు. కన్నడంలో మంగళముఖి ఉంది. తెలుగులో సముదాయం తనంతట తాను ఎంచుకుని జనం నోట నిలబెట్టిన మాట ఇంకా రాలేదు. పత్రికలు "లింగమార్పిడి" అంటాయి, అదేదో ఆస్పత్రి బిల్లులా ఉంటుంది. ఆపరేషన్ చేయించుకోని మనిషి ఏం మార్చుకున్నట్టు? "తృతీయ ప్రకృతి" అని పండితులు సూచిస్తారు. అది శాస్త్రంలో బాగుంటుంది, ప్రత్తిపాడు బస్టాండులో ఎవరూ అనరు. ఎ. రేవతి ఆత్మకథను మన కొలకలూరులో పుట్టిన పి. సత్యవతి గారు "ఒక హిజ్రా ఆత్మకథ"గా తెలుగులోకి తెచ్చారు, దానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. అందులో హిజ్రా అన్న మాట అట్ట మీదే తలెత్తుకుని నిలబడింది. మా కాలేజీలో ఆ పుస్తకం పరిచయం చేసినప్పుడు పిల్లలు ముందు నవ్వారు. పది పేజీలు చదివాక నవ్వలేదు.

*

ఇప్పుడు నాకు బాగా తెలిసిన చోటికి వస్తాను. వ్యాకరణం.

చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం రాశాడు. తెలుగు నామాలను మహత్తు, అమహత్తు అని విడదీశాడు. మనుషుల్లో మగవాళ్లు మహత్తు. జంతువులు, జడపదార్థాలు అమహత్తు. ఆడవాళ్లను మహతి అన్నాడు గానీ, ఏకవచనంలో క్రియ దగ్గరకొచ్చేసరికి వాళ్లు జంతువులతో, రాళ్లతో ఒక వరుస. ఆయన కల్పించిందేమీ కాదు, భాషలో ఉన్నదాన్ని చెప్పాడు. రాముడు వచ్చాడు. సీత వచ్చింది. బర్రె వచ్చింది. కరెంటు వచ్చింది. తమిళంలో, కన్నడంలో స్త్రీకి విడిగా క్రియారూపం ఉంది. మనకు లేదు.

దీంతో ఏమవుతుందో చూడండి. ఒక ట్రాన్స్ మహిళను చూసి మిరప కల్లంలో ఎవరో "అదుగో, వచ్చింది" అన్నారు. ఆ మాట ఆమె చెవిలో ఎలా పడుతుంది? నన్ను స్త్రీ అన్నారు అని. అన్నవాడి ఉద్దేశం? మనిషి కాదు, ఒక వస్తువు అని. ఒక్క క్రియలో గుర్తింపూ అవమానమూ రెండూ ఉన్నాయి, ఏది ఏదో చెప్పడానికి వ్యాకరణంలో ఆధారం లేదు. "వచ్చాడు" అంటే అవమానం తేటతెల్లం. "వచ్చింది" అంటే అనుమానం.

ఈ అనుమానం మన అమ్మలకు కొత్త కాదు. ఆసామి ఇంటి పిల్లోడు డెబ్బయ్యేళ్ల మన ముసలమ్మను "అది రాలేదేరా పనికి?" అన్నప్పుడు, ఆ "అది" ఆడదాన్ని అన్నట్టా, గొడ్డును అన్నట్టా? ఆసామి భార్యను మాత్రం ఎవరూ "వచ్చింది" అనరు. "అమ్మగారు వచ్చారు." తెలుగులో గౌరవం వస్తే లింగం పోతుంది. వచ్చారు, చెప్పారు, కూర్చున్నారు. వీటిలో మగా లేదు, ఆడా లేదు, వస్తువుకు చోటు లేదు. ఆ "రు" కోసమే మన తాతలు తన్నులు తిన్నారు. "ఏరా" అనొద్దు, "ఏవండీ" అను అన్నందుకు ఊళ్లు వెలేశాయి. కాబట్టి ఏ మాట వాడాలో తెలియక తికమకపడే విద్యార్థికి నా సలహా: నామవాచకం కోసం నిఘంటువు వెతకడం తర్వాత, ముందు క్రియకు "రు" చేర్చు.

ఇంకో సంగతి, ఇది నాకు చాలా ఇష్టమైనది. తెలుగు క్రియలో "నేను"కు లింగం లేదు. నేను వచ్చాను, నేను తిన్నాను, నేను ఏడ్చాను. హిందీలో మనిషి నోరు తెరిచి "వెళ్తున్నాను" అంటే చాలు, ఆడో మగో తేలిపోతుంది. తెలుగులో తన కథ తాను చెప్పుకున్నంతసేపూ క్రియాపదం ఎవరినీ ఏ గడిలోనూ పెట్టదు. "నువ్వు"కూ లేదు. ఎదురుగా నిలబడి మాట్లాడినప్పుడు "వచ్చావా, తిన్నావా" అంటాం, అంతే. లింగం ఎక్కడ మొదలవుతుంది? మూడో మనిషి దగ్గర. పక్కన లేని మనిషి గురించి, ఆ మనిషిని అడగకుండా, మిగతావాళ్లం మాట్లాడుకునేటప్పుడు.

*

మనం ఏం చేశామో చూడండి. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిస్తే, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జనం అక్కడే ఆ పేరు కాదని, మేం ఆది ఆంధ్రులం అన్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం తన కాగితాల్లో పంచమ తీసేసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర రాయక తప్పలేదు. గాంధీ హరిజన అన్నాడు, జాలి పేరు. 1985 జూలై 17న కారంచేడు జరిగాక చీరాలలో పుట్టిన ఉద్యమం దళిత మహాసభ అయింది. 2018లో కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ చానళ్లకు దళిత అని వాడొద్దు, షెడ్యూల్డు కులాలు అనండి అని సలహా పంపింది. మన పేరు మనం పెట్టుకుంటే ఢిల్లీకి నిద్ర పట్టదు.

వీటన్నిటికంటే ఈ వ్యాసానికి దగ్గరిది ఈదుముడి. ప్రకాశం జిల్లాలో ఆ ఊళ్లో 1994 జూలై 7న మాదిగ దండోరా మొదలైంది. వర్గీకరణ మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు, ఆ రోజు భాషలో జరిగింది మాత్రం ఎవరూ కాదనలేరు. రెడ్డి, చౌదరి, శర్మ అని పేరు చివర తగిలించుకునే దేశంలో మంద కృష్ణ మాదిగ అని ఒక మనిషి, తర్వాత వేలమంది, తిట్టును తోకగా కాదు, తలపాగాగా పెట్టుకున్నారు. మాట మారలేదు. అనేవాళ్లు మారారు. ట్రాన్స్ మహిళలు కొందరు "అవును, హిజ్రానే, అయితే ఏంటి?" అంటారు. కొందరు ఆ మాట వద్దు, నేను స్త్రీని అంతే అంటారు. మనలో కొందరు మాదిగ అని రాసుకుంటారు, కొందరు ఏ కులమూ రాయరు. ఎవరు సరి అని మనం తగువు తీర్చం కదా. ఇక్కడా అంతే.

ఇప్పుడు చేదు మాట. మన ధర్నాల్లో ఏమంటున్నాం? "ఈ నపుంసక ప్రభుత్వం." "గాజులు తొడుక్కోండి." ఎమ్మార్వో ఆఫీసుకు చీర, గాజులు పంపించి ఫొటో దిగుతున్నాం. అంబేద్కర్ బొమ్మ కింద నిలబడి మనువు మాట మాట్లాడుతున్నాం. ఎదురుగా జెండా పట్టుకుని కూర్చున్న జనంలో ఒక పద్దెనిమిదేళ్ల బిడ్డ ఉండి ఉంటుంది, ఇంట్లో చెప్పలేక, చెప్పకుండా ఉండలేక. మన మైకు ఆ బిడ్డకు ఏం చెబుతోంది? ఆ బిడ్డ రేపు బొంబాయి రైలెక్కితే మనువాదం ఒక్కటే కారణం కాదు.

*

2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో సుప్రీంకోర్టు రెండు పనులు చేసింది. హిజ్రాలను మూడో జెండర్‌గా గుర్తించింది. తన జెండర్ ఏదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనంది. దాంతోపాటు వీళ్లను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గంగా చూసి రిజర్వేషన్లు ఇవ్వాలంది. చివరిది వినడానికి బాగుంది. కానీ దాని ప్రకారం బీసీ గడిలో పెడితే, పుట్టుకతో ఎస్సీ అయిన ట్రాన్స్ మనిషి ఏం వదులుకోవాలి? తమిళనాడులో గ్రేస్ బాను లాంటి దళిత ట్రాన్స్ నాయకులు అందుకే అడ్డంగా వేసే రిజర్వేషన్ అడుగుతున్నారు. ఎస్సీలో ట్రాన్స్‌కు వాటా, బీసీలో వాటా, ఓసీలో వాటా, మహిళలకు ఇచ్చినట్టే. మనిషిని రెండు ముక్కలు చేసి ఏ ముక్క కావాలో తేల్చుకో అనకుండా. ఇది మన సంఘాల డిమాండ్ల పత్రంలో ఇంకా మొదటి పేజీకి రాలేదు.

2019లో పార్లమెంటు చట్టం వచ్చింది. 2016 బిల్లులో జిల్లాకో స్క్రీనింగ్ కమిటీ పెట్టారు, విరాటుడి కొలువులా. జనం కొట్లాడితే పోయింది. కానీ అప్పటి చట్టంలో తిరకాసు ఉండేది. 4వ సెక్షన్ తన జెండర్ తాను చెప్పుకునే హక్కు ఉందనేది. 6వ సెక్షన్ కింద కలెక్టరు ఇచ్చే పత్రంలో "ట్రాన్స్‌జెండర్" అని మాత్రమే వచ్చేది. స్త్రీ అనో పురుషుడు అనో కావాలంటే 7వ సెక్షన్, ఆపరేషన్, ఆస్పత్రి సూపరింటెండెంటు సంతకం. నేను ట్రాన్స్ అంటే నోటి మాట సరిపోయేది, నేను ఆడదాన్ని అంటే డాక్టరు చెప్పాల్సి వచ్చేది. నిర్వచనంలో కిన్నర్, హిజ్రా, అరవానీ, జోగ్తా అని పేర్లు ఇచ్చారు. తమిళులు పక్కన పెట్టిన మాట అందులో ఉంది. మన శివసత్తులు లేరు.

మన రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా పింఛను జాబితా ఎప్పుడైనా చదివారా? వృద్ధులు, వితంతువులు, చేనేత, గీత కార్మికులు... ఆ వరుసలోనే డప్పు కళాకారులు, చర్మకారులు, ట్రాన్స్‌జెండర్లు. నెలకు నాలుగు వేలు. ఊరు ఎవరెవరిని పొలిమేర అవతల పెట్టిందో తెలుసుకోవాలంటే చరిత్ర పుస్తకం అక్కర్లేదు, సచివాలయం గోడ మీద అంటించిన కాగితం చాలు.

మా వైపు ఒక అక్క ఉన్నారు. ఊరూ పేరూ చెప్పను. ఆమెకు ట్రాన్స్‌జెండర్ పత్రం పోర్టల్లో దరఖాస్తు పెడితే వచ్చింది. ఇప్పుడు కుల ధ్రువపత్రం కావాలి, ఓపెన్ డిగ్రీలో చేరడానికి. పాత సర్టిఫికెట్ అబ్బాయి పేరు మీద ఉంది. ఒక ఆఫీసులో "ట్రాన్స్‌జెండర్‌కు కులమేంటమ్మా" అన్నారట. ఇంకోచోట తండ్రి పేరు దగ్గర గురువు పేరు రాస్తే కుదరదన్నారు. తండ్రి పేరు రాస్తే ఆ ఇంటికి విచారణకు వెళ్తామన్నారు. ఆ ఇంట్లో తండ్రి "నాకు అలాంటివాళ్లెవరూ లేరు" అంటే కులం లేనట్టే. మతం మారితే కులం పోయిందన్న కోర్టు మాట, జెండర్ మారితే కులం పోయిందన్న గుమస్తా మాట, రెండూ ఒకే పల్లె మనుషుల మీద పడ్డాయి.

"తమ్ముడూ, నేను మాదిగదాన్ని కాదని ఎవరన్నా అంటే ముందు మా ఊళ్లో బావి అడగమను," అని నవ్వారు ఆవిడ.

చట్టంలో దారి ఉంది. తోబుట్టువు కుల పత్రం, పాత బడి రికార్డు, పేరు మార్పు గెజిట్, ట్రాన్స్‌జెండర్ పత్రం నాలుగూ జతచేసి తహశీల్దారుకు అర్జీ పెట్టాం. రక్త సంబంధీకుల్లో ఒకరు వచ్చి వాంగ్మూలం ఇవ్వాలన్నారు. ఫోన్ చేస్తే చిన్న తమ్ముడు తీశాడు. ఎనిమిదేళ్ల తర్వాత మాట్లాడటం. "నువ్వు" అన్నాడు, "ఒరే" అనలేదు, "అక్కా" అనీ అనలేదు. మిరపకోతలు నడుస్తున్నాయి, కూలి పోతుంది, కోతలయ్యాక వచ్చి సంతకం పెడతానన్నాడు.